పుండు మానే విధం: మూలకణాలు, కొల్లాజెన్ పట్టీలు

పాల సంఘాల పత్రికలో చర్మ వైద్యం మీద పాఠం ఎందుకని సభ్యులు అడగవచ్చు. అడగవలసిన ప్రశ్నే. పాలు కాచే ఇంట్లో, నెయ్యి మరగబెట్టే ఇంట్లో, కోవా బాణలి దగ్గర ఒళ్ళు కాలడం కొత్త సంగతి కాదు. కాలిన ఒంటికి మళ్ళీ చర్మం తెప్పించడానికి గత 50 ఏళ్ళలో శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సాధనాలలో పశువు పాత్ర చాలా ఉన్నది. పశువు తోలు, పశువు స్నాయువు, దూడ రక్తపు తేట, ఆఖరికి ఈనిన తరువాత పడే మాయ వంటి పొర కూడా ఈ కథలో వస్తాయి. అదీగాక మన కొట్టాలలో పశువులకు తగిలే గాయాలు కూడా ఇవే సూత్రాల మీద మానుతాయి. ఆ గాయాలకు వాడిన మందు మన పాలలోకి వస్తుంది. కనుక ఈ నెల పాఠంగా దీనిని తీసుకున్నాము.

చర్మం రెండు పొరలు

తోళ్ళ పని తెలిసినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. చర్మంలో పై పొర ఒకటి, కింది పొర ఒకటి. పై పొర చాలా పలుచన, చాలా చోట్ల కాగితమంత కూడా ఉండదు. దానిలో రక్తనాళాలు లేవు. కింది పొర మందం. చెప్పులు కుట్టే తోలు అంటే ఈ కింది పొరే. దానిలో కొల్లాజెన్ అనే గట్టి పోగులు చాపలాగా అల్లుకొని ఉంటాయి. రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుక కుదుళ్ళు అన్నీ అక్కడే.

పై పొర రోజూ అరిగిపోతూనే ఉంటుంది. స్నానంలో ఒళ్ళు రుద్దితే రాలేది అదే. మనిషిలో సుమారు నాలుగు వారాలకు ఒకసారి పై పొర మొత్తం కొత్తదవుతుంది. ఈ కొత్త చర్మం ఎక్కడినుంచి వస్తున్నది? పై పొర అడుగున, కింది పొరను ఆనుకొని, ఒక వరుస కణాలు ఉంటాయి. వాటిలో కొన్ని మూలకణాలు. ఇంట్లో పెరుగు తోడు పెట్టే ఇల్లాలికి ఈ సంగతి తేలికగా అర్థమవుతుంది. పెరుగంతా తినివేయకుండా కొంచెం తోడుకు మిగుల్చుకుంటారు. దానితో మర్నాటి పాలు తోడుకుంటాయి, మళ్ళీ అందులోంచి కొంచెం మిగులుతుంది. మూలకణం కూడా అంతే. అది రెండుగా చీలినప్పుడు ఒకటి తోడుగా అడుగున ఉండిపోతుంది, రెండవది పైకి జరుగుతూ, గట్టిపడుతూ, చర్మమై, చివరకు పొలుసుగా రాలిపోతుంది. తోడు ఉన్నంతకాలం చర్మం పుడుతూనే ఉంటుంది. తోడు పోయిందా, ఇక పెరుగు లేదు.

ఇటువంటి తోడు వెంట్రుక కుదుళ్ళలో కూడా లోతుగా దాగి ఉంటుంది. కాలిన గాయాలలో ఒక రకం తనంతట తానే మానడం, మరొక రకం మానకపోవడం దీనివల్లనే. పై పొర మాత్రమే కాలితే ఎర్రబడి, మంటపుట్టి, వారం రోజులలో మానుతుంది. నడిలోతు వరకు కాలితే బొబ్బలు లేస్తాయి, నొప్పి ఎక్కువ. కాని వెంట్రుక కుదుళ్ళు బతికే ఉంటాయి గనుక ఒక్కొక్క కుదురు నుంచి చర్మం చుట్టూ పాకుతూ వచ్చి రెండు మూడు వారాలలో గాయాన్ని మూస్తుంది. రెండు పొరలూ పూర్తిగా కాలితే తెల్లగానో నల్లగానో తోలు వలె బిగుసుకుపోతుంది. అక్కడ నరాలు కూడా కాలిపోయినందున నొప్పి అంతగా తెలియదు. నొప్పి లేదు గనుక ప్రమాదం లేదని ఇంటివారు అనుకుంటారు. ఇది సరిగ్గా తలకిందులైన లెక్క. నొప్పి లేని కాలుడే పెద్ద కాలుడు. అక్కడ తోడు మిగలలేదు. అంచుల నుంచి కొద్దికొద్దిగా చర్మం పాకి రావలసిందే. మధ్యలో పెద్ద మేర ఉంటే అది ఎన్నటికీ చేరదు.

తడి మంచిదా, ఎండు మంచిదా

గాయాన్ని గాలికి వదిలి ఎండనిస్తే త్వరగా మానుతుందని మన పెద్దల నమ్మకం. ఒక్క మనవాళ్ళదే కాదు, 1962 వరకు వైద్యులలోనూ చాలామంది అభిప్రాయం అదే. ఆ సంవత్సరం ఇంగ్లండులో జార్జి వింటర్ అనే శాస్త్రజ్ఞుడు పెంపుడు పందుల ఒంటి మీద ఒకే కొలత గల పైపై గాయాలు చేసి, కొన్నిటిని గాలికి వదిలి, కొన్నిటిని పలుచని ప్లాస్టిక్ పొరతో కప్పి చూశాడు. కప్పిన గాయాల మీద కొత్త చర్మం సుమారు రెండింతలు వేగంగా పాకింది. కారణం తేలికే. ఎండిన గాయం మీద పక్కు కడుతుంది. కొత్త కణాలు ఆ పక్కు కింద, ఇంకా తడి ఉన్న చోటును వెతుక్కుంటూ, లోతుగా తవ్వుకొని పోవలసి వస్తుంది. తడిగా ఉంటే అవి సాఫీగా జారుకుంటూ పోతాయి.

తడి అంటే మురికి తడి కాదు. ఈ మాట గట్టిగా చెప్పుకోవాలి. శుభ్రంగా కడిగి, శుభ్రమైన దానితో కప్పి, గాయం నుంచి ఊరే రసి ఎండిపోకుండా చూడటం వేరు. కొట్టంలో పేడ నీళ్ళు తగలనివ్వడం వేరు. ఈనాడు ఆసుపత్రులలో వాడే కొత్త పట్టీలన్నిటికీ ఈ 1962 నాటి సంగతే మూలం.

మన దేశపు వైద్యులు ఈ దారిలో చవక ఉపాయాలు కనిపెట్టారు. బొంబాయిలో డాక్టర్ కేశ్వానీ గారు ఉడికించిన బంగాళాదుంప తొక్కలను గుడ్డకు అంటించి, ఆవిరిలో క్రిములు చంపి, కాలిన గాయాల మీద పట్టీలుగా వాడారు. 1980ల మధ్య ఈ పనిని వైద్య పత్రికలలో ప్రకటించారు. తరువాత మరికొందరు అరటి ఆకును అదే విధంగా ఆవిరి పట్టి వాడి, బంగాళాదుంప తొక్కతో పోల్చి చూశారు. అరటి ఆకు గాయానికి అంటుకోదు గనుక కట్టు మార్చేటప్పుడు నొప్పి తక్కువ, తయారు చేయడమూ సులువు. ఆకులో భోజనం పెట్టే దేశంలో ఈ ఆలోచన రావడంలో వింత లేదు. అయితే ఇక్కడ మేలు చేసింది ఆకు ఒక్కటే కాదు, ఆవిరి పెట్టె కూడా. పెరట్లో కోసిన ఆకును అట్లాగే గాయానికి చుట్టుకోవడం ఆ చికిత్స కాదు.

బోస్టన్‌లో తోడు పెట్టిన చర్మం

ఇక మూలకణాల సంగతి. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో హోవర్డ్ గ్రీన్, జేమ్స్ రైన్‌వాల్డ్ అనే ఇద్దరు 1975లో ఒక సంగతి ప్రకటించారు. మనిషి చర్మపు పై పొర కణాలను గాజు పాత్రలో పెంచడం అంతవరకు ఎవరికీ సరిగా సాధ్యపడలేదు. నాలుగు రోజులు పెరిగి చచ్చిపోయేవి. వీరు ఎలుక కణాలను తీసుకొని, ఇక చీలకుండా వాటిపై కిరణాలు ప్రసరింపజేసి, పాత్ర అడుగున పరుపులా పరచి, దాని మీద మనిషి కణాలు వేశారు. ఎలుక కణాలు తాము పెరగవు గాని బతికి ఉండి పోషణ ఇస్తాయి. ఆ పరుపు మీద మనిషి కణాలు చక్కగా పెరిగాయి. మూడు నాలుగు వారాలలో చిన్న బిళ్ళంత చర్మం నుంచి వేల రెట్ల మేర పొరను పెంచవచ్చునని తరువాతి సంవత్సరాలలో తేలింది. 1981లో మొదటి రోగుల ఫలితాలు వైద్య పత్రికలో వచ్చాయి.

దీనికి పెద్ద పరీక్ష 1983లో ఎదురైంది. వయోమింగ్ రాష్ట్రంలో 5, 6 ఏళ్ళ అన్నదమ్ములు ఇద్దరికి మంటలంటుకొని ఒళ్ళు 95 శాతానికి పైగా కాలిపోయింది. అంతకు ముందు అటువంటివారు బతకడం దాదాపు లేదు. మామూలు పద్ధతిలో తొడ మీది చర్మాన్ని పలుచగా చెక్కి కాలిన చోట వేస్తారు. ఈ పిల్లల ఒంటి మీద చెక్కడానికి చర్మమే మిగలలేదు. మిగిలిన కొద్ది చోటు నుంచి రెండు మూడు చదరపు సెంటీమీటర్ల ముక్క తీసి, పాత్రలలో తోడు పెట్టి, పొరలు పెంచి, వాటితో ఒక్కొక్కరి ఒంటిలో సుమారు సగం మేర కప్పారు. ఇద్దరూ బతికారు. 1984లో ఆ వైద్యులు ఈ సంగతి ప్రచురించినప్పుడు వైద్యలోకం నమ్మక తప్పింది కాదు.

మా అభిప్రాయంలో ఈ పద్ధతి లోపాలను కూడా సభ్యులు తెలుసుకోవాలి. ఎందుకంటే పత్రికలలో వచ్చే పెద్ద అక్షరాల వార్తలలో అవి ఉండవు. అట్లా పెంచినది పై పొర మాత్రమే. దానికి చెమట గ్రంథులు లేవు, వెంట్రుకలు లేవు. కనుక ఎండాకాలంలో ఒళ్ళు చల్లబడదు. కింద గట్టి పొర లేనందున కొత్త చర్మం పలుచగా, పెళుసుగా ఉండి కొంచెం రాపిడికే బొబ్బలు లేస్తుంది. కణాలు పెరగడానికి మూడు వారాలు పడుతుంది. అంతవరకు చీము పట్టకుండా రోగిని కాపాడవలసి ఉంటుంది. ఖర్చు చాలా ఎక్కువ.

మరొక విషయం ఈ పత్రిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసినది. గాజు పాత్రలో కణాలను పెంచే పోషక ద్రవంలో దూడ రక్తపు తేట కలుపుతారు. ఎక్కువగా పుట్టని దూడది. మాంసానికి పశువులను కోసే దేశాలలో చూలు పశువు కోతకు వచ్చినప్పుడు కడుపులోని దూడ రక్తం నుంచి ఈ తేటను తీస్తారు. ప్రపంచంలోని కణ ప్రయోగశాలలు దశాబ్దాలుగా దీని మీద ఆధారపడి ఉన్నాయి. మనసుకు ఇబ్బంది కలిగించే విషయమే, కాని దాచవలసినది కాదు. దీనికి బదులు రోగి సొంత రక్తపు తేటను గాని, పశువు ప్రమేయం లేని ద్రవాలను గాని వాడే పద్ధతులు వచ్చాయి. మన హైదరాబాదులో చేసిన ఒక పని గురించి కింద చెప్పబోతున్నాము, అందులో దూడ తేట లేదు.

వడ్రంగి వజ్రం, వైద్యుని చట్రం

పై పొర సమస్య తీరినా కింది పొర సమస్య తీరలేదని చెప్పాము. దానికి ఉపాయం పశువు తోలులో దొరికింది.

మన వడ్రంగులు పూర్వం కర్రలు అతకడానికి వజ్రం వాడేవారు. తోలు ముక్కలు, స్నాయువులు నీళ్ళలో మరిగిస్తే వచ్చే జిగురే వజ్రం. తోలులోని కొల్లాజెన్ పోగులు వేడికి విడిపోయి జిగురవుతాయి. కొల్లాజెన్ అనే పేరే గ్రీకు భాషలో జిగురు అనే మాట నుంచి పుట్టింది. మరగబెట్టకుండా, జాగ్రత్తగా కొల్లాజెన్‌ను వేరు చేస్తే పోగులు పోగులుగానే ఉంటాయి. పశువు కొల్లాజెన్‌కు, మనిషి కొల్లాజెన్‌కు తేడా చాలా స్వల్పం. అందువల్ల మనిషి శరీరం దానిని అంతగా వెళ్ళగొట్టదు.

బోస్టన్‌లోనే జాన్ బర్క్ అనే శస్త్రవైద్యుడు, అయోనిస్ యానస్ అనే ఇంజినీరు కలిసి పశువు కొల్లాజెన్‌ను, సొరచేప మృదులాస్థి నుంచి తీసిన మరొక పదార్థాన్ని కలిపి గడ్డకట్టించి, ఎండబెట్టి, స్పంజి వంటి పలుచని చట్రం చేశారు. దాని పైన సిలికోన్ పొర అంటించారు. కాలిన చర్మాన్ని కోసివేసి ఈ చట్రం పరుస్తారు. పైనున్న సిలికోన్ పొర నీరు పోకుండా, క్రిములు రాకుండా కాపలా కాస్తుంది. కింది స్పంజి రంధ్రాలలోకి రోగి సొంత కణాలు, రక్తనాళాలు పాకి వస్తాయి. పందిరి వేస్తే తీగ పాకినట్లు. రోగి శరీరం తన సొంత కొల్లాజెన్ అల్లుకుంటూ, పశువు కొల్లాజెన్‌ను మెల్లగా కరిగించుకుంటుంది. రెండు మూడు వారాల తరువాత సిలికోన్ తొలగించి, చాలా పలుచని సొంత చర్మాన్ని పైన వేస్తారు. 1981లో పదిమంది రోగుల ఫలితాలు ప్రచురించారు. ఒళ్ళు 50 నుంచి 95 శాతం వరకు కాలినవారు వారిలో ఉన్నారు. 1996లో అమెరికా ప్రభుత్వం అమ్మకానికి అనుమతి ఇచ్చింది. 1998లో పశువు కొల్లాజెన్ మీద మనిషి కణాలను పెంచి చేసిన బతికిన చర్మపు పట్టీ కూడా మానని కాలి పుండ్లకు అనుమతి పొందింది.

మన దేశంలో చెన్నైలోని కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ కొల్లాజెన్‌ను పొరలుగా మలిచే పనిని చాలాకాలంగా చేస్తున్నది. పలుచని కొల్లాజెన్ పొరలు ఇప్పుడు మన జిల్లా పట్టణాలలోని ఆసుపత్రులలో కూడా నడిలోతు కాలిన గాయాలకు వాడుతున్నారు. ఒకసారి అంటిస్తే రోజూ కట్టు విప్పి రోగిని ఏడిపించవలసిన పని తగ్గుతుంది. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర సంస్థ మరొక దారి పట్టింది. జంతువు అవయవం నుంచి కణాలన్నిటినీ కడిగివేసి చట్రాన్ని మాత్రమే మిగిల్చే దారి. మనుషులు ఖాళీ చేసిపోయిన ఇల్లు వంటిది అది. గోడలు, గదులు ఉంటాయి, కొత్తవారు వచ్చి చేరవచ్చు. శరీరం పరాయి కణాలను చూసి తిరగబడుతుంది గాని, ఖాళీ గోడలను చూసి అంతగా తిరగబడదు. పంది పిత్తాశయం నుంచి ఈ విధంగా చేసిన గాయపు పట్టీకి 2023లో కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి లభించింది.

ఇక్కడ ఒక చిన్న మాట. ఈ పట్టీలలో కొన్ని ఆవు జాతివి, కొన్ని పందివి, కొన్ని చేపవి. ఎవరి ఆచారం వారిది. ఏ జంతువు నుంచి తీసినదో డాక్టరును ముందుగా అడిగే హక్కు రోగికి ఉన్నది, అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అయితే ప్రాణం మీదికి వచ్చిన వేళ ఈ చర్చతో ఆలస్యం చేయరాదు.

హైదరాబాదులో మాయ పొర మీద కంటి చర్మం

గేదె ఈనేటప్పుడు ముందుగా ఉమ్మనీటి సంచి కనబడుతుంది. మనుషులలోనూ బిడ్డ చుట్టూ అటువంటి పలుచని పొర ఉంటుంది, కాన్పు తరువాత మాయతో పాటు వస్తుంది. పల్లెలో దానిని పాతిపెడతాము. వైద్యులు ఆ పొరకు 1910 నుంచి గాయపు పట్టీగా విలువ కట్టారు. దానిలో వాపు తగ్గించే గుణం ఉన్నది, కణాలు దాని మీద చక్కగా పాకుతాయి. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి 1988 నుంచి నడుపుతున్న కణజాల బ్యాంకులో తల్లుల అనుమతితో ఈ పొరలను సేకరించి, పరీక్షించి, గామా కిరణాలతో శుద్ధి చేసి ఆసుపత్రులకు ఇస్తున్నారు.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థ ఈ పొరను, మూలకణాలను కలిపింది. కంటిలో నల్లగుడ్డుకు, తెల్లగుడ్డుకు మధ్య అంచున ఉండే మూలకణాలే నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొరకు తోడు. కంటిలో సున్నం పడితే ఆ అంచు కాలిపోయి, తోడు నశించి, గుడ్డు మీద తెల్లపొర కమ్ముతుంది. తమలపాకులోకి, పొగాకులోకి అమ్మే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటూ కన్ను పోగొట్టుకునే సంఘటనలు మన ప్రాంతంలో తరచుగా జరుగుతున్నాయి. సున్నం పొట్లం పిల్లలకు అందని ఎత్తున పెట్టాలి. పడితే మాత్రం ఆ క్షణమే మంచినీళ్ళతో కనీసం అరగంట కడుగుతూ ఉండాలి, ఆ తరువాతే బండి ఎక్కాలి.

ఆ సంస్థ డాక్టర్లు 2001 నుంచి, బాగున్న కంటి అంచు నుంచి చిన్న ముక్క తీసి, మాయ పొర మీద, రోగి సొంత రక్తపు తేటతో పెంచి, పాడైన కంటికి అతికారు. దూడ తేట లేదు, ఎలుక కణాలు లేవు. 200 మంది ఫలితాలు 2011లో ప్రచురిస్తే 71 శాతం మందిలో కంటి పొర నిలిచింది. తరువాత 2012లో ఇంకా చవకైన పద్ధతి ప్రకటించారు. ప్రయోగశాల అక్కరలేకుండా, ఆ ముక్కనే ఎనిమిది పది తునకలు చేసి మాయ పొర మీద నేరుగా కంటిలోనే నాటడం. నారుమడి లేకుండా పొలంలోనే వెదజల్లినట్లు. ఈ పద్ధతిని నేడు ఇతర దేశాల డాక్టర్లు కూడా చేస్తున్నారు.

పట్టీ సంగతి ఇంత వివరంగా చెప్పడానికి కారణం, మూలకణాల చికిత్సలో ఇప్పటివరకు గట్టిగా నిలిచిన ఫలితాలు ఇటువంటి చోటనే వచ్చాయి. ఆ కణం ఏ చర్మానికి తోడో అదే చర్మానికి తోడుగా వాడిన చోట. జర్మనీలోని బోఖుం నగరంలో 2015లో 7 ఏళ్ళ బాలునికి చేసినదీ ఇటువంటిదే. పుట్టుకతో జన్యువులో లోపం వల్ల అతని పై చర్మం కింది పొరను పట్టి ఉండలేక ఊడిపోయేది. చావుబతుకుల మీద ఉండగా సుమారు 4 చదరపు సెంటీమీటర్ల చర్మం తీసి ఇటలీ పంపారు. అక్కడ మికేలే దె లూకా గారి బృందం ఆ కణాలలో సరైన జన్యువును చేర్చి, పొరలుగా పెంచి తిరిగి పంపగా, ఒంటిలో 80 శాతం మేర కొత్త పై చర్మం వేశారు. 2017లో ప్రచురించినప్పుడు బాలుడు బడికి పోతున్నాడు. వేసిన కణాలు కోట్లలో ఉన్నా, ఆ చర్మాన్ని ఏళ్ళ తరబడి నిలబెడుతున్నది అందులోని కొద్దిపాటి అసలు మూలకణాలేనని కూడా అప్పుడే తేలింది. పెరుగు గిన్నె నిండా ఉన్నా రేపటికి పనికివచ్చేది తోడు చెంచాడే.

ప్రకటనలు చూసి మోసపోవద్దు

కొవ్వు నుంచి, ఎముక మజ్జ నుంచి, బొడ్డుతాడు నుంచి తీసే మరొక రకం కణాలు ఉన్నాయి. ఇవి చర్మంగా మారడం అరుదు. ఇవి చేసేది ముఖ్యంగా చుట్టూ ఉన్న కణాలకు కబురు పంపడం, వాపు తగ్గించడం, రక్తనాళాలు మొలిచేట్లు చూడటం. వీటిని కొల్లాజెన్ చట్రంలో నింపి గాయం మీద పెట్టే ప్రయత్నాలు అనేక దేశాలలో జరుగుతున్నాయి. మధుమేహం కాలి పుండ్లలో కొన్ని ఆశాజనకమైన ఫలితాలు వచ్చినా, మామూలు చికిత్సగా స్థిరపడలేదు. మన దేశంలో 2020లో, కాలి రక్తనాళాలు మూసుకుపోయి పుండు పడినవారికి ఎముక మజ్జ కణాలతో చేసిన ఒక మందుకు అనుమతి వచ్చింది. ఆ జబ్బులో బీడీ, చుట్ట తాగేవారే ఎక్కువ. బీడీ మానకుండా ఆ మందు కోసం పొలం అమ్మడం తగదు.

భారత వైద్య పరిశోధనా మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, రక్త జబ్బులు కొన్నిటికి చేసే మజ్జ మార్పిడి వంటి ఆమోదం పొందిన చికిత్సలు తప్ప, మూలకణాలతో చేసేదేదైనా పరిశోధనగానే, నీతి సంఘం అనుమతితోనే జరగాలి. పరిశోధనలో చేరినవారి నుంచి ఆ చికిత్సకు డబ్బు వసూలు చేయరాదు. కనుక లక్షలు కడితే మూలకణాలతో ఏ పుండైనా మాన్పుతామనే ప్రకటన కనబడితే, అనుమతి పత్రం చూపమని అడగండి.

కొట్టంలోని గాయాలు

పశువైద్యంలో కూడా ఈ పని సాగుతున్నది. ఇజ్జత్‌నగర్‌లోని భారత పశువైద్య పరిశోధనా సంస్థలో గేదె చర్మం, గేదె ఉదరవితానం వంటివాటి నుంచి కణాలు కడిగివేసిన చట్రాలు చేసి, జంతువుల గాయాలకు, గిలక బయటపడిన చోట అతుకు వేయడానికి పరీక్షించారు. అవి మన ఊరి పశువుల ఆసుపత్రికి రావడానికి ఇంకా కాలం పడుతుంది. ఈలోగా చేయవలసినది పాత సూత్రమే. కాడి పుండైనా, ముళ్ళతీగ గీసిన గాయమైనా, చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, కాచి చల్లార్చిన లీటరు నీటిలో 9 గ్రాముల ఉప్పు, అంటే చిన్న చెంచాతో సుమారు ఒకటిన్నర, కలిపి ధారగా కడగాలి. కిరసనాయిలు, ఫినాయిలు, పురుగుల మందు, సున్నం ఏదీ పోయరాదు. ఇవి క్రిములతో పాటు కొత్తగా పాకివచ్చే కణాలను కూడా చంపుతాయి. పురుగులు పడితే పశువైద్యునికి చూపించి ఆయన చెప్పినది వాడాలి. పుండు మానేవరకు కాడి కట్టవద్దు.

పుండుకు యాంటిబయాటిక్ ఇంజెక్షను వేసినా, కొన్నిసార్లు పైన పూసినా, అది రక్తం ద్వారా పాలలోకి వస్తుంది. అటువంటి పాలు కలిస్తే ఒక్క పశువు పాలతో కేంద్రంలోని క్యాను మొత్తం పెరుగు తోడుకోక చెడవచ్చు, తాగే పిల్లలకు కూడా మంచిది కాదు. సీసా మీద ఎన్ని రోజులు పాలు వాడరాదని ఉన్నదో పశువైద్యునిచేత చదివించుకొని, అన్ని రోజులూ ఆ పశువు పాలను వేరుగా పిండి, కేంద్రానికి పోయకుండా ఉంచాలి. ఏ పశువుకు ఏ రోజు ఏ మందు వేశారో గోడ మీద బొగ్గుతో రాసుకున్నా చాలును.

ఇంట్లో ఒళ్ళు కాలినప్పుడు

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా ఓ మోస్తరుగానో తీవ్రంగానో ఒళ్ళు కాల్చుకుంటున్నారు. వేడి పాలు ఒలికితే నీళ్ళ కంటే ఎక్కువ కాలుస్తాయి, మీగడ చర్మానికి అంటుకొని వేడి వదలదు. వెంటనే గాజులు, ఉంగరాలు, మొలతాడు తీసి, కాలిన చోటును 20 నిమిషాలు పారే చల్లని నీటి కింద ఉంచాలి. బోరు నీరు చాలును. మంచుగడ్డ వద్దు. పేడ, సిరా, పళ్ళపొడి, పిండి, గుడ్డు సొన ఏవీ పూయరాదు. పేడలో ధనుర్వాతపు విత్తనాలు ఉంటాయి. ఉతికి ఆరిన గుడ్డతో వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకుపోవాలి. చంటిబిడ్డకు గాని, ముఖం, చేతులు, మర్మాంగాలు కాలిన వారికి గాని, నొప్పిలేని తెల్లటి కాలుడు ఉన్నవారికి గాని ఇంటి వైద్యం చేయనే వద్దు. ధనుర్వాతం ఇంజెక్షను మరవరాదు.

పెద్దగా కాలినవారికి ఈ మూలకణాలు, చట్రాలు అందుబాటులో లేని చోట, మూడు వారాలపాటు ప్రాణం నిలబెట్టేది మరణించినవారి చర్మం. అది శాశ్వతంగా నిలవదు, శరీరం కొన్ని వారాలకు వెళ్ళగొడుతుంది. కాని అంతవరకు నీరు పోకుండా, చీము పట్టకుండా కాపాడే పట్టీ అంతకు మించినది లేదు. హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రిలో 2022లో చర్మ నిధి ప్రారంభమైంది. మరణించిన 6 గంటల లోపు, 18 ఏళ్ళు నిండినవారి నుంచి, కుటుంబం అనుమతితో తీసుకుంటారు. రక్తం గ్రూపు కలవనక్కరలేదు. తొడలు, కాళ్ళు, వీపు నుంచి పలుచని పొర మాత్రమే తీసి కట్టు కడతారు. ముప్పావుగంట పని. దేహం వికారం కాదు, అంత్యక్రియలకు ఆటంకం లేదు. హెచ్.ఐ.వి., కామెర్ల వైరస్, చర్మపు కాన్సరు ఉన్నవారిది తీసుకోరు. తీసిన చర్మాన్ని గ్లిజరిన్‌లో 4 డిగ్రీల చలిలో ఉంచితే 5 సంవత్సరాల వరకు పనికివస్తుంది. దూరపు పల్లెల వారికి 6 గంటల గడువే కష్టం. కనుక ఇష్టం ఉన్న సభ్యులు ఆ మాట ముందుగానే ఇంటివారికి, సంఘ కార్యదర్శికి చెప్పి ఉంచడం అవసరం. కార్యదర్శులు దగ్గరలోని చర్మ నిధి ఫోను నంబరు కనుక్కొని, పాల ధరల పట్టిక పక్కన అంటించగలరు.